తిరిగి ఇచ్చు మారుమనస్సు

పాఠ్యభాగము: లూకా 19:1–10
కూడ చదువవలసినవి: లేవీయకాండము 6:1–7, 1 సమూయేలు 15, నెహెమ్యా 5:1–13, మత్తయి 27:3–5



మన సంఘములలో మారుమనస్సు అను మాట తరచుగా వినబడుచున్నది. కూటములలో దానినిగూర్చి ప్రసంగింతురు. బాప్తిస్మమునకు వచ్చువారిని దానినిగూర్చి అడుగుదురు. ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు దానిని జ్ఞాపకము చేయుదురు. అయినను ఒక ప్రశ్నను మాత్రము మనలో అనేకులము అడుగక దాటిపోవుచున్నాము.

అది ఇది. ఒకడు తన పాపమును ఒప్పుకొని, కన్నీరు కార్చి, ప్రార్థించెను. గాని ఆ పాపమువలన సంపాదించినది యింకను అతని యింటనే యున్నది. పొరుగువాని గట్టు జరిపి కలుపుకొనిన రెండు సాళ్ల నేల అతని చేనిలోనే యున్నది. కూలివానికి తక్కువ చేసిన రూపాయలు అతని పెట్టెలోనే యున్నవి. తమ్ముని వంతు భూమి అతని పాసుపుస్తకములోనే యున్నది. ఇట్టివాని ప్రార్థనను మారుమనస్సు అని పిలువవచ్చునా?

ఈ నెల పాఠములో ఈ ప్రశ్నను లేఖనముల వెలుగులో పరీక్షించుకొందము. ముగ్గురు మనుష్యులను చూతము: సౌలు, ఇస్కరియోతు యూదా, జక్కయ్య. ముగ్గురును తమ తప్పునుగూర్చి నోరు తెరచినవారే. అయితే ఒక్కని యింటికే రక్షణ వచ్చినదని ప్రభువు చెప్పెను.

1. మాటయొక్క అర్థము

పాత నిబంధన గ్రంథము వ్రాయబడిన హెబ్రీ భాషలో ఈ సంగతికి వాడబడిన ముఖ్యమైన మాట ‘షూబ్’. తిరుగుట, తిరిగి వచ్చుట అని దాని అర్థము. ఒకడు సంతకు పోవలెనని బయలుదేరి, దారి తప్పి వేరొక ఊరి బాట పట్టెననుకొందము. ఎవరో చెప్పగా తన పొరపాటు తెలిసికొనెను. వెంటనే చెట్టుక్రింద కూర్చుండి, అయ్యో దారి తప్పితినే అని గంటసేపు ఏడ్చెను. అతడు తిరిగి వచ్చినట్టా? కాదు. ఏడ్చినను ఏడ్వకపోయినను, అతడు లేచి వెనుకకు నడచినప్పుడే తిరిగినవాడగును.

క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘మెటనోయియ’. మనస్సు మారుట అని దాని అర్థము. మన తెలుగు బైబిలులో మారుమనస్సు అని చక్కగా తర్జుమా చేసిరి. ఐరోపాలో అనేక శతాబ్దములు లాటిను బైబిలే వాడుకలో నుండెను. అందులోని మాటను జనులు ప్రాయశ్చిత్తక్రియలు చేయుటయని గ్రహించిరి. తుదకు డబ్బిచ్చి పాపపరిహార పత్రములు కొనుక్కొను దుస్థితి వచ్చెను. 1516లో ఎరాస్మస్ గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేయించెను. 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాంశములను వ్రాసినప్పుడు, మొట్టమొదటి అంశములోనే, ప్రభువు మారుమనస్సు పొందుమని చెప్పినది ఒక దినపు క్రియనుగూర్చి కాదనియు, విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెననియు తెలియజేసెను. మనము ప్రొటెస్టంటు సంఘములవారము. మన పితరుల సంస్కరణ ఈ మాటతోనే ఆరంభమైనదని మరువకూడదు.

అయితే మనస్సు కంటికి కనబడదు. మారినదో లేదో ఎట్లు తెలియును? బాప్తిస్మమిచ్చు యోహాను యొర్దాను తీరమున దీనికి జవాబు చెప్పెను. మేమేమి చేయవలెనని జనులడిగినప్పుడు, రెండు అంగీలు గలవాడు లేనివానికి ఒకటి ఇయ్యవలెననియు, సుంకరులు నిర్ణయించిన దానికంటె ఎక్కువ వసూలు చేయకూడదనియు, సైనికులు ఎవరినీ బెదరించి గుంజుకొనక తమ జీతముతో తృప్తిపడవలెననియు చెప్పెను (లూకా 3:10–14). చూడుడి, మూడు జవాబులును వస్తువులనుగూర్చియు డబ్బునుగూర్చియు చెప్పినవే. చెట్టు మారినదో లేదో కాయ చెప్పును.

మన తెలుగుదేశపు సంఘచరిత్రలోను దీనికొక దృష్టాంతము కలదు. 1876 మొదలుకొని 1878 వరకు మహా కరువు వచ్చినప్పుడు, ఒంగోలులోనున్న బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని వేలాదిమందికి కూలి దొరకునట్లు చేసిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. గాని కరువుసాయము జరుగుచున్న కాలములో వారికి బాప్తిస్మమియ్యక ఆపిరి. అన్నము కొరకు వచ్చిరో ప్రభువు కొరకు వచ్చిరో తెలియవలెను గదా! సాయము ముగిసిన తరువాతను జనులు విడువక వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఫలము కొరకు కనిపెట్టుట కాఠిన్యము కాదు, అది కాపరి ప్రేమయే.

2. సౌలు: సగము విధేయత

అమాలేకీయులవిషయమై దేవుడు సౌలు రాజుకు ఒక ఆజ్ఞ యిచ్చెను. వారి సొత్తులో ఏదియు మిగుల్చుకొనకూడదు. సౌలు యుద్ధమునకు వెళ్లి గెలిచెను. అయితే వారి రాజైన అగగును ప్రాణముతో పట్టుకొని, గొఱ్ఱెలలోను ఎడ్లలోను మంచివాటిని ఉంచుకొని, నీచమైన వాటిని మాత్రమే నాశనము చేసెను. తరువాత కర్మెలులో తనకొక జ్ఞాపకస్తంభమును నిలువబెట్టుకొనెను.

సమూయేలు వచ్చినప్పుడు సౌలే ముందుగా పలుకరించి, యెహోవా ఆజ్ఞను నెరవేర్చితినని చెప్పెను. అప్పుడు సమూయేలు, అట్లయినయెడల నా చెవులకు వినబడుచున్న ఈ గొఱ్ఱెల అరుపు ఎక్కడిదని అడిగెను. ఆ మందయే సౌలుమీద సాక్ష్యము పలికెను. మన నోరు ప్రార్థించుచుండగా మన దొడ్డిలోని పశువు మనమీద సాక్ష్యము పలుకవచ్చును. మన చేని గట్టు పలుకవచ్చును. మన బీరువాలోని నోటు పలుకవచ్చును.

సౌలు చేసిన మూడు తప్పింపులను గమనించుడి. మొదట, జనులే వాటిని తెచ్చిరని చెప్పెను. రెండవది, దేవునికి బలి యర్పించుటకే ఉంచితిమని చెప్పెను. మూడవది, తుదకు పాపము చేసితినని ఒప్పుకొనియు, పెద్దల యెదుట తన గౌరవము నిలుపుమని సమూయేలును బతిమాలెను. మొదటిదానిలో నింద ఇతరులమీద వేసెను. రెండవదానిలో అవిధేయతకు భక్తి అను దుప్పటి కప్పెను. మూడవదానిలో దేవుని ముఖముకంటె మనుష్యుల ముఖమును ఎక్కువగా చూచెను. అందుకే సమూయేలు, ఏ బలియు విధేయతకు సాటిరాదని తేల్చి చెప్పెను (1 సమూయేలు 15:22).

సౌలు ఏమియు చేయలేదా? చేసెను. చాల భాగము చేసెను. తనకు నష్టము లేనంతవరకు దేవుని మాట వినెను. నష్టము వచ్చుచోట ఆగిపోయెను. అచ్చటనుండియే అసలైన విధేయత ప్రారంభమగును.

3. ఇస్కరియోతు యూదా: ప్రభువునొద్దకు రాని దుఃఖము

మరియొక ప్రక్కను చూతము. యూదా ముప్పది వెండి నాణెములకు ప్రభువును అప్పగించెను. ఆయనకు శిక్ష విధింపబడుట చూచి దుఃఖపడి, ఆ నాణెములను ప్రధానయాజకులయొద్దకు తిరిగి తెచ్చెను. నిరపరాధిని అప్పగించి పాపము చేసితినని వారి యెదుట ఒప్పుకొనెను. ఆ వెండిని దేవాలయములో పారవేసి వెళ్లి ఉరిపెట్టుకొనెను.

సౌలు తిరిగి ఇయ్యలేదు; యూదా పైసా మిగుల్చుకొనక తిరిగి ఇచ్చెను. సౌలు నింద ఇతరులమీద వేసెను. యూదా తన పాపమును తానే ఒప్పుకొనెను. అట్లయినను అతడు నశించెను. ఎందుచేత? అతడు డబ్బును తెచ్చినది యాజకులయొద్దకు. తనను తాను తెచ్చుకొనవలసినది ప్రభువునొద్దకు. పాపపు సొమ్మును వదలించుకొనెను గాని పాపులను క్షమించువానియొద్దకు రాలేదు. అదే రాత్రి పేతురును ప్రభువును ఎరుగనని ముమ్మారు పలికెను, సంతాపపడి యేడ్చెను. కాని అతడు తిరిగి శిష్యుల మధ్యకు వచ్చెను, ప్రభువును కలిసికొనెను, మందను మేపుమను ఆజ్ఞను పొందెను.

గనుక ప్రియులారా, తిరిగి ఇచ్చినంత మాత్రమున రక్షణ లేదు. ఇచ్చుట మారుమనస్సుకు ఫలము. అది మారుమనస్సుకు వేరు కాదు. వేరు క్రీస్తునందున్నది. మనలో ఎవడైనను తన పాపభారముచేత నలిగి, ఇక నాకు దిక్కులేదని తలంచుచున్నయెడల అతడు యూదా దారిని పోకూడదు. ఒంటరిగా నుండక సంఘకాపరియొద్దకో నమ్మకమైన పెద్దయొద్దకో ఈ దినమే రావలెను. ప్రభువు చేయి కురచకాలేదు.

4. జక్కయ్య: సంతోషముతో చేర్చుకొనినవాడు

యెరికో పట్టణము సముద్రమట్టముకంటె పల్లమున యొర్దాను లోయలో నున్నది. అది ఖర్జూరచెట్లకు పేరు పొందినది. యొర్దాను అవతలినుండి యెరూషలేమునకు పోవు బాట దాని మీదుగా పోవును గనుక సరకులమీద సుంకము వసూలు చేయుటకు అది అనువైన స్థలము. జక్కయ్య అచ్చటి సుంకపు గుత్తదారుడు. ఆనాటి సుంకమును గుత్తకిచ్చుచుండిరి. గుత్త తీసికొనినవాడు తాను కట్టిన మొత్తముకంటె ఎంత ఎక్కువ రాబట్టిన అంత లాభము. బీదవాని మూటలోనుండియు, విధవరాలి గంపలోనుండియు ఆ లాభము వచ్చెను. అందుచేత జనులు అతని నీడనుకూడ అసహ్యించుకొనిరి.

అతడు పొట్టివాడు గనుక యేసును చూచుటకు మేడిచెట్టు ఎక్కెను. ధనవంతుడైన పెద్దమనిషి పిల్లవానివలె చెట్టెక్కుట నగుబాటు. అయినను అతడు లెక్కచేయలేదు. ప్రభువు ఆ చెట్టుక్రింద నిలిచి, అతనిని పేరు పెట్టి పిలిచి, అతని యింటనే దిగెదనని చెప్పెను. జక్కయ్య త్వరగా దిగి సంతోషముతో ఆయనను చేర్చుకొనెను.

ఈ వరుసను జాగ్రత్తగా చూడుడి. ముందు అప్పు తీర్చి రమ్ము, ఆ తరువాత నీ యింటికి వచ్చెదనని ప్రభువు చెప్పలేదు. ముందు కృప వచ్చెను. తరువాత పెట్టె తెరువబడెను. జక్కయ్య నిలువబడి, తన ఆస్తిలో సగము బీదలకిచ్చెదననియు, ఎవనియొద్దనైనను అన్యాయముగా తీసికొనినయెడల నాలుగంతలు తిరిగి ఇచ్చెదననియు చెప్పెను. ఎవరును అడుగలేదు. ప్రభువు ఆ యింట అడుగుపెట్టుటయే అతనిచేత ఈ మాట పలికించెను.

దీనికి ముందటి అధ్యాయములో మరియొక ధనవంతుని సంగతి యున్నది. అతడు చిన్ననాటినుండి ఆజ్ఞలన్నిటిని గైకొంటినని చెప్పుకొనెను. కలిగినదంతయు అమ్మి బీదలకిమ్మని ప్రభువు చెప్పగానే మిక్కిలి వ్యసనపడెను. ధనవంతుడు దేవుని రాజ్యములో ప్రవేశించుట ఎంతో కష్టమని ప్రభువు చెప్పగా, అట్లయిన ఎవడు రక్షణ పొందగలడని విన్నవారడిగిరి. మనుష్యులకు చేతకానిది దేవునికి చేతనగునని ఆయన జవాబిచ్చెను (లూకా 18:18–27). ఆ జవాబుకు దృష్టాంతమే జక్కయ్య. నీతిమంతుడని పేరుపొందినవాడు పిడికిలి బిగించెను. పాపియని పేరుపొందినవాడు పిడికిలి విప్పెను.

5. ధర్మశాస్త్రపు లెక్క

జక్కయ్య చెప్పిన నాలుగంతలు ఎంత పెద్ద మాటయో తెలియవలెనన్న, ధర్మశాస్త్రములోని లెక్కను చూడవలెను.

మోసము చేసినవాడు తానే ఒప్పుకొనినయెడల, తీసికొనిన మొత్తమును ఇచ్చి దానికి అయిదవ వంతు కలుపవలెను (లేవీయకాండము 6:5, సంఖ్యాకాండము 5:7). అనగా వంద రూపాయలకు నూట ఇరువది. దొంగిలిన పశువు ప్రాణముతో వాని యొద్ద దొరికినయెడల రెండంతలు. దొంగిలి, చంపి లేక అమ్మివేసినయెడల గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలు, ఎద్దుకు అయిదు ఎద్దులు (నిర్గమకాండము 22:1–4). ఎద్దు పోయినవానికి దున్నుటయు పోయెను గదా; అందుకే దానికి ఎక్కువ.

తానే ఒప్పుకొనిన జక్కయ్య వందకు నూట ఇరువది ఇచ్చిన చాలును. గాని పట్టుబడిన దొంగకు విధించు శిక్షను తనకు తానే విధించుకొని నాలుగు వందలు ఇచ్చెదననెను. లెక్క వేసి చూతము. అతని ఆస్తి ఎనిమిది వందలనుకొందము. సగము, అనగా నాలుగు వందలు, బీదలకు పోయెను. మిగిలిన నాలుగు వందలలోనుండి నాలుగంతల చొప్పున తీర్చవలెను. అతడు అన్యాయముగా గుంజినది వంద రూపాయలైనను ఆ నాలుగు వందలును తీరిపోవును. అతనికి మిగులునది ఏమియు లేదు. అయినను ఆ దినమున యెరికోలో అతనికంటె సంతోషించినవాడు ఎవడు?

లేవీయకాండములోని మరియొక సంగతి మన సంఘములకు చాల అవసరము. అచ్చటి వరుస యిది: మొదట పొరుగువానికి తిరిగి ఇయ్యవలెను, తరువాత అపరాధపరిహారార్థ బలి తేవలెను. ప్రభువైన యేసు కొండమీద అదే నేర్పెను. సహోదరునికి నీమీద ఏదైనను ఉన్నదని జ్ఞాపకము వచ్చినయెడల, కానుకను బలిపీఠము నొద్దనే విడిచి, వెళ్లి సమాధానపడి రావలెననెను (మత్తయి 5:23–24). పొరుగువానికి చెందిన రూపాయను కానుక పళ్లెములో వేసినయెడల అది కానుక కాదు. పరుల సొమ్ముతో దేవునికి దానము చేయలేము. యూదా పారవేసిన వెండిని కానుకపెట్టెలో వేయరాదని ఆ ప్రధానయాజకులకే తెలిసినది. మనకు తెలియదా?

6. సంఘమంతయు కలిసి చేసిన మారుమనస్సు

ఇది ఒక్కొక్కని సంగతి మాత్రమే కాదు. క్రీస్తుకు పూర్వము 445లో నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి ప్రాకారము కట్టించుచుండగా బీదలు మొఱపెట్టిరి. కరువులో ధాన్యము కొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను తాకట్టు పెట్టిరి. రాజు పన్ను కట్టుటకు అప్పు చేసిరి. కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు. వారి సహోదరులైన యూదులే, ప్రాకారపు పనిలో ప్రక్కన నిలువవలసినవారే.

నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చెను. అయితే అతడు తనలో ఆలోచించుకొనిన తరువాతనే ప్రధానులను గద్దించెను. పొలములు, తోటలు, ఇండ్లు ఆ దినమే తిరిగి ఇయ్యుడని చెప్పెను. దానితోకూడ వారు తీసికొనుచున్న నూరవ భాగమును తిరిగి ఇమ్మనెను. ఇది నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీయని పలువురు వ్యాఖ్యాతల తలంపు. మన పల్లెలలో దానినే రూపాయి వడ్డీ అందుము. నేడు మూడు రూపాయలకును అయిదు రూపాయలకును అప్పిచ్చువాడు ఈ అధ్యాయమును చదివి ఏమనును? ఆ ప్రధానులు ఒప్పుకొనిరి. నెహెమ్యా యాజకులను పిలిపించి వారిచేత ప్రమాణము చేయించి, తన ఒడి దులిపి, ఈ మాట నెరవేర్చనివానిని దేవుడిట్లే దులిపివేయునుగాకనెను. జనులందరు ఆమేన్ అనిరి. అటుతరువాత చెప్పినట్టు చేసిరి కూడ. ప్రాకారము ఏబది రెండు దినములలో ముగిసెను.

ఆలయమునకు రేకులు వేయుటకును, గోపురము కట్టుటకును మనము ఎంతో ప్రయాసపడుదుము. మంచిదే. గాని గోడ కట్టుచున్న సహోదరుల నడుమ మొఱ వినబడుచున్నదేమో ముందుగా ఆలకించుట నెహెమ్యాయొద్ద నేర్చుకొనవలెను.

7. ఇది నీతిని కొనుక్కొనుట కాదా?

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: విశ్వాసమువలననే నీతిమంతులమగుదుమని పౌలు నేర్పెను గదా, ఇప్పుడు మరల క్రియలను తెచ్చుచున్నారేమి?

మంచి ప్రశ్న. జవాబు స్పష్టముగా చెప్పుదుము. మనము తిరిగి ఇచ్చిన రూపాయలు మన పాపములో ఒక్కదానినైనను తుడువవు. దేవుని యెదుట మనకు నీతి క్రీస్తునుండియే, విశ్వాసమువలననే వచ్చును. పౌలు తన స్వనీతినంతయు పెంటగా ఎంచెను (ఫిలిప్పీయులకు 3:8–9). దేవాలయములో తన ఉపవాసములను దశమభాగములను లెక్కబెట్టిన పరిసయ్యుడు నీతిమంతుడుగా తిరిగి వెళ్లలేదు. రొమ్ము కొట్టుకొని కరుణించుమని వేడిన సుంకరియే వెళ్లెను. ఆ ఉపమానము లూకా 18వ అధ్యాయములో నున్నది. జక్కయ్య అను సుంకరి కథ 19వ అధ్యాయములో నున్నది. రెంటిని కలిపి చదువుడి. పద్దెనిమిదవ అధ్యాయము క్రియలులేక దొరకు నీతిని చూపును. పందొమ్మిదవది ఆ నీతి ఇంటిలో ప్రవేశించిన తరువాత చేయు పనిని చూపును.

పౌలే ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో ఒనేసిమును క్షమింపుమని వేడుకొనుచు, అతడు నీకు నష్టము కలుగజేసియుండినయెడల, అచ్చియున్నయెడల, అది నా లెక్కలో చేర్చుము, నేనే తీర్చెదనని తన స్వహస్తముతో వ్రాసియిచ్చెను. కృపనుగూర్చి అందరికంటె ఎక్కువగా బోధించిన అపొస్తలుడు అప్పును కొట్టివేయుమనలేదు; తీర్చెదననెను. క్రీస్తు మన అప్పును తీర్చిన విధమును ఎరిగినవాడు గనుకనే ఆలాగు వ్రాసెను.

అయితే నీతియను పేరుతో మోసపోకుండ జాగ్రత్తపడవలెను. పరిసయ్యులు పుదీన, సోపు, జీలకఱ్ఱలలోకూడ పదియవ వంతు కొలిచి ఇచ్చుచు, న్యాయమును, కనికరమును, విశ్వాసమును విడిచిపెట్టిరి (మత్తయి 23:23). మనలోను సిగరెట్టు ముట్టము, సినిమా చూడము, ఆదివారము మానము అని అతిశయించుచు, పొలములో పనిచేసిన కూలిదాని డబ్బు పండుగ దాటువరకు బిగబట్టువారు లేరా? సూర్యుడస్తమించక ముందే కూలి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పినది (ద్వితీయోపదేశకాండము 24:15). బిగబట్టిన ఆ కూలి మొఱపెట్టుచున్నదని యాకోబు పత్రిక చెప్పుచున్నది.

8. కష్టమైన సంగతులు

ఈ పాఠము వినినప్పుడు మనస్సాక్షి గలవారికి కొన్ని చిక్కులు కలుగును. వాటినిగూర్చి క్లుప్తముగా చెప్పుదుము.

(అ) మోసపోయినవాడు చనిపోయినయెడల? అతని వారసులకు ఇయ్యవలెను. వారసుడులేనియెడల అది యెహోవాకు చెందును, యాజకునికి ఇయ్యవలెనని సంఖ్యాకాండము 5:8 చెప్పుచున్నది. కాపరితోను పెద్దలతోను ఆలోచించి బీదల కొరకు ఇచ్చుట తగును.

(ఆ) ఇచ్చుటకు చేతిలో ఏమియు లేనియెడల? వెళ్లి, అప్పున్నదని నోటితో ఒప్పుకొనుడి. పంటకు ఇంతయని మాట యిచ్చి ఆ మాట నిలుపుకొనుడి. ఎలీషా దినములలో విధవరాలికి నూనె సమృద్ధిగా దొరికినప్పుడు, ముందు అప్పు తీర్చి, మిగిలినదానితో కుమారులతో బ్రతుకుమని ప్రవక్త చెప్పెను (2 రాజులు 4:7). అద్భుతముగా వచ్చిన నూనెలోకూడ మొదటి వంతు అప్పులవానిదే.

(ఇ) సహోదరి వంతు సంగతి ఏమి? ఇది మన యిండ్లలో మాటాడని పాపము. సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి స్వాస్థ్యములో వంతు అడిగినప్పుడు, వారు చెప్పినది యుక్తమని దేవుడే తీర్పు చెప్పెను (సంఖ్యాకాండము 27:7). క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టములోను, వీలునామా లేనియెడల కుమారునికిని కుమార్తెకును సమభాగమే. పెండ్లికి ఖర్చు పెట్టితిమి గదా అని చెప్పి, ఏమి వ్రాసియున్నదో చెప్పక చెల్లెలిచేత కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొనిన అన్న, తన చేతిలోనున్నది జక్కయ్య చేతిలోనుండిన దానివంటిదేయని గ్రహించవలెను.

(ఈ) తిరిగి ఇయ్యలేని దానినిగూర్చి ఏమి? దావీదు ఊరియా ప్రాణమును తిరిగి తేలేకపోయెను. అట్టిచోట మరుగుచేయక ఒప్పుకొనుట, దాని ఫలితమును సణగక భరించుట, బ్రతికియున్నవారికి మేలు చేయుట మాత్రమే మన చేతిలోనున్నవి. అబద్ధముతో ఒకని పేరు చెరిపినవాడు ఎచ్చట చెరిపెనో అచ్చటికే పోయి దిద్దవలెను. రచ్చబండయొద్ద పోయిన పేరు, చీకటిలో చెవిలో చెప్పిన క్షమాపణతో తిరిగి రాదు. అయితే మన ఒప్పుకోలువలన నిరపరాధియైన మూడవ మనిషికి కీడు కలుగునట్లున్నయెడల, తొందరపడక ముందుగా కాపరితో మాటలాడుడి.

(ఉ) తిరిగి ఇచ్చినయెడల ఊరిలో నగుబాటు కాదా? అగును. జక్కయ్యయు చెట్టెక్కినప్పుడు నవ్వులపాలయ్యెను. కాని ఆ చెట్టు దిగినప్పుడు ప్రభువు అతని ప్రక్కన నడచెను. మన గ్రామములోని ఇతరులు మన ప్రసంగములు వినుటకు రాకపోవచ్చును. ఒక క్రైస్తవుడు తానే కొలత గొలుసు తెప్పించి గట్టును వెనుకకు జరిపెనను వార్తమాత్రము సాయంకాలములోగా ఊరంతయు వినును.

9. ముగింపు

సౌలు తన గౌరవమును కాపాడుకొనవలెనని చూచి రాజ్యమును పోగొట్టుకొనెను. యూదా వెండిని విడిచెను గాని రక్షకునియొద్దకు రాలేదు. జక్కయ్య రక్షకుని చేర్చుకొని, వెండిని విడిచి, అబ్రాహాము కుమారుడని పిలువబడెను. నశించినదానిని వెదకి రక్షించుటకు మనుష్యకుమారుడు వచ్చెనని ప్రభువు ఆ యింటనే సెలవిచ్చెను. ఆయన నేడును మన వీధులలో నడచుచున్నాడు. ఆయన మన యింటికి వచ్చినయెడల ఏ పెట్టెను తెరువుమనునో మనకు తెలియును. ఆ పెట్టెను ఆయన తట్టకమునుపే తెరచుదము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. సౌలు చెప్పిన మూడు సాకులలో మనము తరచుగా చెప్పునది ఏది?
2. యూదాకును పేతురుకును గల భేదమేమి?
3. ప్రభువు జక్కయ్య యింటికి ముందు వచ్చెనా, అతడు ముందు తిరిగి ఇచ్చెనా? ఈ వరుసవలన మనమేమి నేర్చుకొనవలెను?
4. కూలి, కొలత, గట్టు, వడ్డీ, వాటా: ఈ అయిదింటిలో దేనివిషయమై మన యింట ఎవరికైనను అప్పున్నదా? వచ్చు ప్రభువు బల్ల ఆదివారమునకు ముందు దానినిగూర్చి ఏమి చేయుదుము?

ప్రార్థన

కృపగల ప్రభువా, మమ్మును పేరు పెట్టి పిలిచి మా యింట దిగుటకు ఇష్టపడినందుకు నీకు స్తోత్రము. సగము విధేయతనుండియు, నిన్ను చేరనియ్యని నిరాశనుండియు మమ్మును తప్పించుము. మా యొద్దనున్న పరుల సొమ్మును మాకు చూపి, దానిని సంతోషముతో తిరిగి ఇచ్చు ధైర్యము దయచేయుము. మా అప్పు నీవు తీర్చితివి గనుక మేము పొరుగువాని అప్పు తీర్చునట్లు చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.